మహారాజశ్రీ డిక్కీ జాకీ గారికి

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం, అక్కడ స్టెప్నీ పక్కన సంచిలో పడుకున్న తమరు కూడా క్షేమమే అని తలుస్తా. నా క్షేమంలో మాత్రం తమరి పాత్ర ఏమీ లేదని ముందే చెప్పేస్తున్నా, తర్వాత మనస్పర్థలు వద్దు. ఆ క్రెడిట్ మొత్తం 14 నంబర్ పానాది.

ఆ రోజు గుర్తుందా? ఆయిల్ నేనే మార్చేస్తా అని తమరిని బయటికి తీసి, డోర్ కింద పెట్టి, ఆ వంకర రాడ్డుతో తిప్పి తిప్పి తిప్పి (వేళ్ళ గణుపులు రెండుసార్లు నేలకి గీసుకున్నాయి, దాని గురించి వేరే లేఖ రాస్తా) కారుని ఒక పక్క లేపా. అప్పుడు నా మొహంలో ధీమా చూడాలి, గోవర్ధనగిరి చిటికెన వేలి మీద ఉన్నట్టే. నేల మీద పాత దుప్పటి పరిచా, పడుకుని కాళ్ళు చాపా, ఇక దూరడమే తరువాయి అనుకునేసరికి పానా కనిపించలేదు. తిట్టుకుంటూ లేచి ఇంట్లోకెళ్ళి వెతుకుతుంటే వెనక ధబ్ మని చప్పుడు. వచ్చి చూస్తే కారు నాలుగు టైర్ల మీద బుద్ధిగా నించుంది, తమరు వంకర తిరిగి ఒక పక్కకి ఒరిగి ఉన్నారు, దుప్పటి మాత్రం కారు కిందే ఉండిపోయింది, నేను పడుకోవాల్సిన చోట, సరిగ్గా నా సైజులో.

తర్వాత కొలిచా. నేలకీ ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్‌కీ మధ్య జానెడు కూడా లేదు. నా ఛాతీ జానెడు కంటే ఎక్కువే, పొట్ట సంగతి దయచేసి ఎత్తకండి.

పోనీ తప్పంతా తమరిదే అని ఒక పోస్ట్ పెట్టేద్దామా అంటే తమరి ఒంటి మీదే స్టిక్కర్ ఉంది, కారు కింద మనిషి పడుకున్న బొమ్మ, దాని మీద అడ్డంగా గీత. చదువు రానివాళ్ళకి కూడా అర్థమయ్యేలా వేసిన బొమ్మ అది, చదువుకున్నవాణ్ణి కాబట్టి నాకు అర్థం కాలేదు. తమరిని కంపెనీ పెట్టింది పంక్చర్ పడితే ఒక మూల లేపడానికి, టైరు మార్చేదాకా ఆగడానికి, అంతే. కత్తెరలాంటి నాలుగు రేకు చేతులు, మధ్యలో ఒక మర రాడ్డు, అడుగున అరచెయ్యంత పాదం. బరువు పైనుంచి నిలువుగా నొక్కినంతసేపు తమరు బాగానే నిలబడతారు, పక్కనుంచి కొంచెం తోపు తగిలిందా అంతే సంగతులు, మరి బిగుసుకుపోయిన బోల్టుని కింద పడుకుని లాగడం అంటే కారుని పక్కకి ఊపడమే కదా. ఆ రోజు నేల కాస్త వాలు, గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ సగం లాగి వదిలేశా, ఎదురు టైరు కింద అడ్డు పెట్టడం అన్న ఆలోచనే లేదు. ఇన్ని సదుపాయాలు కల్పించాక పడకుండా ఉంటే అది తమరి తప్పయ్యేది.

సరే, బుద్ధొచ్చింది, కొత్తది కొందాం అని కూర్చున్నా. ముందు తమరి బంధువు బాటిల్ జాకీ గారు కనిపించారు, బుడంకాయంత మనిషి, ఒంటి మీద 5 టన్నులు 10 టన్నులు అని రాసుకుని తిరుగుతారు. ఆయిల్‌ని ఒక చిన్న గొట్టంలో నొక్కితే ఆ ఒత్తిడి పెద్ద గొట్టంలోకి పాకి పెద్ద బరువు ఎత్తుతుందన్న పాస్కల్ సూత్రం మీద బతికే వంశం అది, ఇలా చేత్తో మోసుకెళ్ళే హైడ్రాలిక్ జాకీకి 1851లోనే రిచర్డ్ డజన్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు. అంత చరిత్ర ఉంది గానీ నా కారు కింద దూరదు, దించిన స్థితిలోనే అంత ఎత్తు మరి. ఎత్తుగా ఉండే జీపులకి, ట్రక్కులకి యాక్సిల్ (చక్రాల ఇరుసు) కింద పెట్టుకోవడానికి బంగారం, నాలాంటి కిందకి కూర్చున్న కారు వాళ్ళకి పేపర్ వెయిట్.

తర్వాత ట్రాలీ జాకీ, అంటే చక్రాల మీద దొర్లించి కారు కిందకి తోసి, పొడుగు హ్యాండిల్ కొట్టి లేపే హైడ్రాలిక్ జాకీ. ఇక్కడ నేను టన్నులు చూసి మురిసిపోయి ఇంకోసారి బోల్తా పడబోయా. కారు ఒక చివరే కదా లేపుతాం, మామూలు కారుకి 2 టన్నులది చాలు, పెద్ద బండికి 3 టన్నులది. అసలు చూడాల్సిన అంకెలు వేరే రెండున్నాయి, పూర్తిగా కిందకి దించితే ఎంత ఎత్తు ఉంటుంది, పైకి ఎంత దాకా లేస్తుంది. మొదటిది తేడా వస్తే కారు కిందకి పోనే పోదు, రెండోది తేడా వస్తే ఇంకా తమాషా, ఎందుకంటే బాడీ పట్టుకుని లేపుతుంటే సస్పెన్షన్ (బాడీకీ చక్రాలకీ మధ్య ఉండే స్ప్రింగుల ఏర్పాటు) సాగుతూనే ఉంటుంది, మనం హ్యాండిల్ కొట్టి కొట్టి చెమటలు కక్కుతుంటాం, టైరు మాత్రం నేలని వదలదు, అత్తారింటికి వెళ్ళనని గుమ్మం పట్టుకున్న పెళ్ళికూతురిలా. ఇంకొకటి, దాని చెయ్యి నిటారుగా కాదు, వంపు తిరుగుతూ లేస్తుంది, కాబట్టి లేస్తున్నంతసేపూ దాని చక్రాలు కొంచెం కొంచెం ముందుకి దొర్లాలి. కంకర మీదో మట్టిలోనో పెడితే చక్రాలు దొర్లవు, దొర్లకపోతే చెయ్యి చివర కారుని ఆనించే గిన్నె కారు నుంచి జారుతుంది. ఆ గిన్నెలో గాడి ఉన్న రబ్బరు ముక్క పెట్టకపోతే డోర్ కింద అంచు రేకు మడత పడుతుంది, కారు పుస్తకంలో చూపించిన చోట కాకుండా ఇదేదో గట్టిగా ఉందే అని ఆయిల్ చాంబర్ కింద పెడితే ఆయిల్ మార్చే శ్రమ కూడా ఉండదు, అదే కారిపోతుంది.

ఇంత పెద్దమనిషిని తెచ్చాక ఇక కింద పడుకోవచ్చు కదా అంటే, వద్దట! లోపల చిన్న రబ్బరు సీల్ ఉంటుంది, అది అరిగినా వాల్వ్‌లో నలుసు పడినా ఆయిల్ వెనక్కి జారి కారు దిగుతుంది, ఒక్కోసారి మెల్లగా, ఒక్కోసారి చెప్పాపెట్టకుండా. ఈ ఒక్క విషయంలో తమరే నయం, తమరికి మర కాబట్టి ఆయిల్ బెంగ లేదు. మొత్తానికి మీ వంశంలో అందరూ ఎత్తేవాళ్ళే, మోసేవాడు ఒక్కడూ లేడు. మొయ్యడానికి స్టాండ్లు వేరే కొనాలి, అదీ జతగా, రంపం లాంటి పళ్ళలో ఇనుప నాలుక పడి ఆగేవో, చిల్లుల్లో అడ్డంగా లావు పిన్ను దూర్చేవో. పిన్నువి నాకు నచ్చాయి, పిన్ను దూరిందో లేదో కంటికి కనిపిస్తుంది. డబ్బా మీద రాసిన టన్నులు ఒక్క స్టాండ్‌కా జతకా అని కూడా చూసుకోవాలి, చాలాసార్లు అది జత లెక్క.

పళ్ళ స్టాండ్లని పూర్తిగా నమ్మేయొచ్చా అంటే, 2020లో అమెరికాలో 3 టన్నులవి, 6 టన్నులవి లక్షల సంఖ్యలో వెనక్కి పిలిచారు, నాలుక పంటిలో సరిగ్గా కూర్చోక బరువు మీద జారిపోవచ్చని. వాటి బదులు అమ్మిన కొత్తవాటిలో కొన్నిటిని వెల్డింగ్ లోపం అని మళ్ళీ పిలిచారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. అందుకే ఇప్పుడు స్టాండ్ల మీదకి దించాక కారుని భుజంతో గట్టిగా ఊపి చూస్తా, పడేదుంటే నేను బయట ఉన్నప్పుడే పడమని. ట్రాలీ జాకీని తియ్యకుండా బరువు పడీ పడనట్టు అలాగే ఆనించి ఉంచుతా, టైరు విప్పితే దాన్ని కూడా కారు అంచు కిందకి తోస్తా. హ్యాండ్ బ్రేక్ నిండా లాగుతా, కానీ చాలా కార్లలో అది పట్టేది వెనక టైర్లనే, వెనక భాగం లేపితే అది పట్టుకునేది గాలిని, కాబట్టి ముందు టైర్లకి రెండు పక్కలా అడ్డు తప్పదు.

స్టాండ్లెందుకు, రెండు సిమెంటు బ్రిక్స్ పెట్టేయ్ అని సలహా ఇచ్చినవాళ్ళున్నారు, వాళ్ళకి నా మీద ఏం పగో తెలీదు. బ్రిక్ వంగి వార్నింగ్ ఇవ్వదు, ఒక్కసారే పగులుతుంది. ర్యాంపులు కూడా చూశా, ఒక్క ఆయిల్ పనికైతే వాటంత సుఖం లేదు, నున్నటి నేల మీద జారకుండా ఎక్కిస్తే చాలు, టైరు విప్పే పని మాత్రం కుదరదు.

కాబట్టి తమరిని ఉద్యోగంలోంచి తీసెయ్యట్లేదు, పాత పోస్టులోనే, పంక్చర్ డ్యూటీ. వంకరైన ఆ చేతులతో అది కూడా కష్టమేమో, తమరి స్థానంలో అదే కారుకి సరిపోయే కొత్తవారు వస్తారు, ఛార్జ్ అప్పగించండి. అప్పగించేటప్పుడు ఆ సంచి ఒకసారి దులపండి, 14 నంబర్ పానా ఇంతవరకూ దొరకలేదు, నాకు తమరి మీదే అనుమానం.

ఇట్లు,
దుప్పటి ఉతికి ఆరేసినవాడు