ఎక్కడ దొరికిందో రాయని నాణెం

మొన్న ఆదివారం పొద్దున్న విశాఖ ఆర్కే బీచ్‌లో టీ తాగుతుంటే తెలిసిన కుర్రాడొకడు వచ్చి ఫోన్ చూపించాడు. రాగి నాణెం. చిలుము పట్టి పచ్చగా ఉంది. అయినా ఒకదాంట్లో ఒకటి పెనవేసుకున్న మూడు అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. వి, ఓ, సి. డచ్చి ఈస్టిండియా కంపెనీ ముద్ర అది. నా చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాను.

"ఎక్కడ దొరికింది నాన్నా?" అన్నాను.

"భీమిలి సైడ్ అన్నా. కరెక్టుగా గుర్తులేదు. ఏడాది అయిపోయింది కదా."

ఆ రోజంతా నాకు మనసు బాగాలేదు. అందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నాను.

నేను ఆరేళ్లుగా మెటల్ డిటెక్టర్ పట్టుకుని మన తీరం మీద తిరుగుతున్నాను. దొరికేవాటిలో ముప్పావు వంతు చెత్తే. సోడా మూతలు, తుప్పు మేకులు, వలలకు కట్టే సీసపు గుండ్లు, నిమజ్జనం విగ్రహాల్లోంచి ఊడిన ఇనుప తీగ. తర్వాత అంచులు వంకర్లు తిరిగిన పాత అల్యూమినియం పది పైసలు, మెట్టెలు, చంటిపిల్లల మువ్వలు. ఎప్పుడో ఒకసారి చిల్లు కాణీ. 1943 నుంచి 1947 దాకా కొట్టిన, మధ్యలో గుండ్రటి కన్నం ఉన్న కంచు బిళ్ల. మా అమ్మమ్మ వాటిని మొలతాడుకు కట్టేవారని చెప్పేది. జాలరిపేట పెద్దాయన ఒకాయన నన్ను చూసినప్పుడల్లా "ఏటి బాబూ, ఏటైనా తగిలిందా?" అని అడుగుతారు. తగిలిందంటే "ఎక్కడ?" అంటారు వెంటనే. సముద్రాన్ని నమ్ముకుని బతికే మనిషికి మొదట వచ్చే ప్రశ్న అదే. మిషన్ కొనుక్కున్న మనకు మాత్రం "ఎంత వస్తుంది?" అన్నదే మొదటి ప్రశ్న అవుతోంది.

భీమిలిలో డచ్చివాళ్లు 1825 దాకా ఉన్నారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. వాళ్ల నాణెం గోస్తని నది సముద్రంలో కలిసే చోట దొరికితే ఒక మాట, హార్బర్ పక్కన దొరికితే ఇంకో మాట. పాత నాణేలు అమ్మే బల్ల మీద కొన్నది అయితే అది వేరే కథ. మొదటి రెండింటినీ మనం ఏదో అడగొచ్చు, ఏదో జవాబు రావచ్చు. మూడోదాన్ని అడగడానికేమీ లేదు. ఆ కుర్రాడు తన చేతులతో ఇసుకలోంచి తీసిన నాణెం ఇప్పుడు ఆ మూడో రకంలో చేరిపోయింది. ఒక్క లైను రాసి ఉంటే చేరేది కాదు.

మన ఊళ్లో ఇది ఇంకా ముఖ్యం. ఆర్కే బీచ్ కోతకు గురవుతోందని పోర్టువాళ్లు డ్రెడ్జింగ్‌లో తీసిన ఇసుకను తెచ్చి ఒడ్డున పోస్తుంటారు. అంటే అక్కడ దొరికిన వస్తువు అక్కడే పడిందని గ్యారంటీ లేదు, ఇసుకతో పాటు వచ్చి ఉండొచ్చు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి తీరాన్ని తిరగేసి పోయింది. అందుకే చోటు ఒక్కటే రాస్తే చాలదు, తేదీ కూడా కావాలి. ఆ వారం అలలు ఇసుకను కోసేశాయా, కొత్త ఇసుక పోశారా అన్నది కూడా రాయాలి.

తొట్లకొండ గురించి అందరం గొప్పగా చెప్పుకుంటాం. అక్కడి తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. ఏ కట్టడం దగ్గర, ఏ పొరలో, దేనితో కలిసి ఉన్నాయో రాసుకుంటూ తవ్వారు కాబట్టే సముద్రం అవతలి వ్యాపారం ఈ కొండమీది బౌద్ధ విహారం దాకా వచ్చిందని ఇవాళ ధైర్యంగా అనగలుగుతున్నాం. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండలో సముద్రగుప్తుడి బంగారు నాణెం దొరికిందన్నా అంతే. అదే నాణెం ఎవరి బీరువాలోనో ఉంటే తులాల లెక్కే మిగులుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గుప్తనిధులంటూ రాత్రిపూట కొండలు, పాత గుళ్లు తవ్వేవాళ్లు, బియ్యపు గింజల్ని లాగే మహిమగల 'రైస్ పుల్లింగ్' నాణెం అంటూ జనాన్ని ముంచేవాళ్లు మా మనుషులు కారు. తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ లాంటి బౌద్ధ క్షేత్రాల వైపు మిషన్ తీసుకెళ్లడమే తప్పు. అక్కడ పార పెట్టినవాడు ఎంత బాగా నోటుబుక్కు రాసినా నాకు వాడితో మాట కలపాలని లేదు.

నేను ఎలా రాస్తానో చెప్తాను, పెద్ద విద్యేం కాదు. ఒక లాంగ్ నోటుబుక్కు, ఒక పెన్సిల్. తడి తగిలితే పెన్ను సిరా అలుక్కుపోతుంది, పెన్సిల్ నిలుస్తుంది. ప్రతి వస్తువుకీ ఒక నంబరు, అదే నంబరు దాని కవరు మీద. బయటికి తీసేముందే గుంటలో ఉండగా ఒక ఫోటో, పక్కన స్కేలు. ఫోన్ మ్యాప్‌లోని అంకెలు చుక్క తర్వాత ఐదు స్థానాల దాకా రాస్తాను. ఐదో స్థానం అంటే సుమారు ఒక మీటరు. ఫోనే కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది కాబట్టి కదలని గుర్తు కూడా రాస్తాను: ఒడ్డున మ్యూజియంగా నిలిపిన కురుసుర సబ్‌మెరైన్ నుంచి ఉత్తరంగా ఇన్ని అడుగులు అని. తర్వాత లోతు, బరువు, లోహాన్ని బట్టి మిషన్ చూపించిన నంబరు. ఏమీ దొరకని రోజు కూడా తేదీ వేసి "ఏమీ లేదు" అని రాస్తాను. ఎక్కడ వెతికానో తెలియకపోతే ఎక్కడ లేదో ఎలా తెలుస్తుంది?

ఫోటో ఉందిగా, అందులోనే లొకేషన్ ఉంటుందిగా అంటారు చాలామంది. వాట్సాప్‌లో మామూలుగా ఫోటో పంపితే ఆ లొకేషన్ చెరిగిపోతుంది. ఫోన్ మార్చినప్పుడు ఒరిజినల్ పోతుంది. మిగిలేది గ్రూపులో తిరిగే బొమ్మ ఒక్కటే.

ఇంకోటి, దయచేసి చింతపండు పెట్టి తోమకండి! ఇత్తడి చెంబు కాదు అది. ఆ చిలుముతో పాటు అక్షరాలూ పోతాయి. ప్లాస్టిక్ కవర్లో తడిగా కట్టిపెడితే ఉప్పు లోపలే ఉండి లోహాన్ని తినేస్తుంది. మంచినీళ్లలో నానబెట్టి, బాగా ఆరనిచ్చి కాగితం కవర్లో పెట్టండి, చాలు.

రికార్డు రాస్తే గవర్నమెంట్‌తో టెన్షన్ అని భయపడేవాళ్లున్నారు. నిజానికి తలకిందులు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది. భూమిలో దాగి ఉన్నది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, విలువ సుమారుగా ఎంత, ఎక్కడ దొరికింది, ఏ రోజు దొరికింది. ఆ కాగితంలో చట్టం రాయమనేది ఇవే. నోటుబుక్కు ఉన్నవాడికి ఆ లెటర్ పది నిమిషాల పని. లేనివాడే దాచుకుని భయపడతాడు.

మరి ఆఫీసుల తప్పు లేదా అంటే, ఉంది. ఒకసారి నేను ఒక పాత బిళ్ల పట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్లాను. కౌంటర్లో ఉన్నాయన చూసి "ఎందుకండీ ఈ గొడవ, ఇంట్లో పెట్టుకోండి" అన్నాడు. ఎక్కడిదని కూడా అడగలేదు. ఇంగ్లండ్‌లో 1997లో మొదలైన పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ ఇప్పుడు వేల్స్‌లోనూ నడుస్తోంది. దొరికినవాళ్లు తెచ్చి చూపిస్తే అక్కడి అధికారి కొలిచి, ఫోటో తీసి, చోటుతో సహా రాసుకుంటాడు. అలా 10 లక్షలకు పైగా వస్తువులు నమోదయ్యాయి. మన చట్టం వేరు, మనకు అదే రావాలని నేననను. కానీ మన జిల్లాలో ఒక్క బల్ల, ఒక్క రిజిస్టరు, "ఎక్కడ దొరికింది బాబూ?" అని భయపెట్టకుండా అడిగే ఒక్క మనిషి ఉంటే చాలు. ఇది నేను అడుగుతూనే ఉంటాను.

పాత వస్తువులకే కాదు ఈ రాత. పోయిన కార్తీకంలో సముద్రస్నానానికి వచ్చిన ఒకావిడ ఉంగరం పోగొట్టుకున్నారు. రెండు నెలల తర్వాత ఎవరో చెబితే నాకు ఫోన్ చేశారు. తేదీ, కాళీమాత గుడి ఎదురుగా అన్న గుర్తు, లోపల చెక్కిన అక్షరం, అన్నీ నా బుక్కులో 212వ నంబరుతో సరిపోయాయి. అప్పటికి నా దగ్గర పదకొండు ఉంగరాలున్నాయి. రాసి ఉండకపోతే ఏది ఆవిడదో ఎలా చెప్పేవాణ్ని?

నిన్న సాయంత్రం ఆ కుర్రాడే ఫోన్ చేశాడు. ఆ రోజు తనతో వచ్చిన ఫ్రెండ్‌ని అడిగాడట. గోస్తని కలిసే చోటికి కొంచెం ఇవతల, నీళ్లు బాగా వెనక్కి పోయిన రోజు అని తేలింది. "ఇప్పుడు రాయొచ్చా అన్నా, కరెక్టు కాకపోయినా?" అన్నాడు. రాయి, కానీ 'సుమారుగా' అని రాయి, ఎవరి జ్ఞాపకమో రాయి, ఇవాళ్టి తేదీ వెయ్యి అన్నాను. కలెక్టరుకు లెటర్ రాయడానికి శనివారం నాణెం తీసుకుని మా ఇంటికి వస్తానన్నాడు.