సోమలింగానికి ముందే పేరు పెట్టాలి

బెంగళూరులో గేమ్ స్టూడియో పెడతామని ఎవరైనా అంటే చాలు, పెద్దవాళ్లు ఒక సామెత బయటికి తీస్తారు: ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ముందు గేమ్ తయారుచేయండి, పేరుదేముంది అంటారు. ఈ ఒక్క విషయంలో సామెత పనికిరాదు. పేరు ముందే తేల్చుకోవాలి, రూపాయి ఖర్చుపెట్టి మరీ తమది చేసుకోవాలి.

ఇప్పుడు ఎలా తేలుస్తున్నారో చూస్తూనే ఉన్నాం. మారతహళ్లి ఆంధ్రా మెస్‌లో పెరుగన్నం దాకా వచ్చేసరికి వాట్సాప్ గ్రూపు నిండా పేర్లే. సగం పిక్సెల్, సగం నింజా. ఎవరో ఒకరు రుద్ర అనకుండా ఉండరు. చివరికి డొమైన్ దొరికిన పేరే ఖాయం. ఆపైన ఊళ్లో నాన్నగారు న్యూమరాలజీ చూపించి స్పెల్లింగులో ఇంకో ‘ఐ’ తగిలిస్తారు. నమ్మకం ఎవరిది వారిది. కానీ ట్రేడ్‌మార్క్ తగాదాలో పేరు చెవికి ఎలా వినిపిస్తోందన్నదీ చూస్తారు, కాబట్టి ఆ అదనపు అక్షరం మిమ్మల్ని కాపాడదు. పైగా యూట్యూబ్‌లో పేరు విని, గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో వెతికేవాళ్లకు దానివల్లే మీరు దొరకరు.

కంపెనీ వ్యవహారాల శాఖ పేరు ఓకే చేసింది కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లు కూడా ఉన్నారు. ట్రేడ్‌మార్క్ హక్కు దాంతో రాదు. ట్రేడ్‌మార్క్‌లకు సరుకులను, సేవలను తరగతులుగా విడగొట్టారు: డౌన్‌లోడ్ చేసుకునే గేమ్‌కు 9వ తరగతి, ఆన్‌లైన్‌లో ఆడించే సేవకు 41వ తరగతి కింద విడిగా దరఖాస్తు చేయాలి. స్టార్టప్‌గా గుర్తింపు ఉంటే ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. వచ్చే హక్కు పదేళ్లు, తర్వాత రెన్యువల్. అంతేకాదు, 1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టం 34వ సెక్షన్ ముందునుంచీ పేరు వాడుతున్నవాళ్లకు రక్షణ ఇస్తుంది. అలాంటప్పుడు గేమ్ పూర్తయ్యేదాకా పేరు గుట్టుగా దాచుకుంటే ఎవరికి లాభం?

పెద్ద గేమ్ కంపెనీలకూ ఈ దెబ్బ తగిలింది. 1991లో సిలికాన్ అండ్ సినాప్స్‌గా మొదలైన సంస్థ కేయాస్ స్టూడియోస్‌గా మారితే, ఆ పేరు మాదంటూ ఇంకో కంపెనీ అడ్డుపడింది. 1994లో మళ్లీ మార్చుకుని బ్లిజార్డ్ అయింది. వాళ్లకు పేరు తెచ్చిన గేమ్ వార్‌క్రాఫ్ట్ ఇంకా బయటికి రాలేదు కాబట్టి బతికిపోయారు.

గేమ్ బాగుంటే స్టూడియో పేరు ఎవడు చూస్తాడంటారు. నిజమే, ఫోన్‌లో ఆడేవాళ్లలో చాలామందికి దాన్ని ఎవరు తయారుచేశారో తెలియదు. మొదటి గేమ్‌కు ఆ మాట చెల్లుతుంది. అది నచ్చినవాళ్లు రెండో గేమ్ దగ్గరికి దేన్ని పట్టుకుని రావాలి?

నాకింత పట్టుదల ఎందుకంటే, ఈ ఊళ్లో గేమ్ పనికి పాతికేళ్లు దాటినా పేరు మాత్రం ఎప్పుడూ ఇంకొకరిదే. ధ్రువ ఇంటరాక్టివ్ 1997లో ఇక్కడే పుట్టింది. ఫోర్జా లాంటి కారు రేసింగ్ గేమ్‌లకు పనిచేసింది. ముందు స్వీడన్ కంపెనీ స్టార్‌బ్రీజ్ చేతికి వెళ్లింది, 2019లో జీటీఏ గేమ్‌ల కంపెనీ రాక్‌స్టార్ కొని తన ఇండియా స్టూడియోలో కలిపేసుకుంది. దేశంలో తొలి గేమ్ స్టూడియోల్లో ఒకటి, ఆ పేరే కనుమరుగైంది. ఇక అవుట్‌సోర్సింగ్‌లో ఉన్న మన ఆర్టిస్టుల సంగతి చెప్పక్కర్లేదు. బంపర్ మీద గీత, హెడ్‌లైట్ అద్దంలో మెరుపు అంటూ ఒక్క కారు మీద వారాల తరబడి కూర్చుంటారు. గేమ్ వచ్చాక క్రెడిట్స్‌లో వెతుక్కుంటే చాలాసార్లు కంపెనీ పేరొక్కటే ఉంటుంది. పని వివరాలు బయటపెట్టనని రాసిచ్చే ఒప్పందం (ఎన్‌డీఏ) ఉంది కాబట్టి పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవడానికీ లేదు. ఉద్యోగం మారేటప్పుడు ‘ఒక రేసింగ్ గేమ్‌కి చేశానండి’ అని నసుగుతారు.

అలాంటి టీమ్‌లోంచి నలుగురు బయటికొచ్చి సొంతంగా మొదలుపెడితే, లోగో కన్నా ముందు దరఖాస్తు ఎవరి పేరున పడుతుందో చూసుకోవాలి. స్నేహం కొద్దీ ఒకరి సొంత పేరున వేస్తే, విడిపోయిన రోజు స్టూడియో పేరు వాళ్లతోనే పోతుంది. కంపెనీ పేరునే వేయండి. కంపెనీ ఇంకా రిజిస్టర్ కాకపోతే, అయ్యాక బదలాయిస్తామని ఇప్పుడే కాగితం రాసుకోండి. గేమ్‌ను మార్కెట్‌లోకి తెచ్చే పబ్లిషర్‌తో ఒప్పందం చేసుకునేటప్పుడు గేమ్ తెరవగానే మీ స్టూడియో పేరు కనిపించాలన్న క్లాజు పెట్టించండి. అడ్వాన్సు కొంత తగ్గిస్తామన్నా సరే, దాన్ని వదులుకోవద్దు.