టక్‌మని ఆగిన ప్రతిసారీ మోసం కాదు

బంకులో నాజిల్ మధ్యలో ఆగిందంటే కుర్రాడు చేతివాటం చూపించినట్టేనని బంకు మోసాల మీద మీరు వేసిన వ్యాసంలో రాశారు. మీటర్లో సున్నా చూసుకోమన్నది మంచి మాటే. కానీ ఆగిన ప్రతిసారీ వాళ్లని అనడం అన్యాయమండీ. ఇరవై ఏళ్లుగా మెకానిక్ షెడ్డులో బండ్ల ట్యాంకులు దించుతున్నవాణ్ణి, అందుకే రాస్తున్నా.

నాజిల్ కొసన చిన్న బెజ్జం ఉంటుంది. పెట్రోలు పారుతున్నంతసేపూ అది గాలి పీలుస్తుంటుంది. దానికి పెట్రోలు అడ్డం పడగానే గాలి అందక లోపలి డయాఫ్రమ్, అంటే పల్చటి పొర, కదిలి లివర్ వదిలేస్తుంది, పెట్రోలు ఆగిపోతుంది. ట్యాంకు నిండిందో, గొట్టంలో పెట్రోలు వెనక్కి తన్నిందో దానికి తెలీదు. ట్యాంకు లోపలికి లీటరు పోతే లీటరు గాలి బయటికి రావాలి కదా. ఆ గాలికి దారి లేకపోతే పెట్రోలు వెనక్కి తంతుంది. అందుకే పోసే గొట్టం వాలుగా, మెలికలు లేకుండా ఉండాలి, పక్కనే గాలికి వేరే పైపుండాలి. డీజిల్‌కైతే నురగ పొంగి బెజ్జానికి అడ్డం పడే గొడవ కూడా ఉంది.

మొన్న వానాకాలం ఒక వ్యాను వచ్చింది. రెండు లీటర్లకోసారి టక్‌మని ఆగుతోందట, ఓనరు అప్పటికే ఇద్దరు బంకు కుర్రాళ్లతో గొడవపడ్డాడు. కింద దూరి చూస్తే, ఎక్కడో బంపర్ పని చేసినప్పుడు గాలి పైపుని ఛాసిస్‌కి అదిమేసి బిగించారు. నమిలిన చెరకు పిప్పిలా చప్పిడైపోయింది. మూరెడు కొత్త పైపు, రెండు క్లిప్పులు వేశాం. మర్నాడు ఒక్క దమ్మున ఫుల్ ట్యాంకు పట్టింది.

మీ బండి ఒక్క బంకులోనే ఆగుతుంటే అక్కడ అడగండి. ఊళ్లో అన్ని బంకుల్లోనూ ఆగుతుంటే ముందు ఆ పైపు చూపించండి.