సంతలో దొరికే కత్తికీ ఒక స్టైల్ ఉంది

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు కుర్రాళ్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో "డమాస్కస్" కత్తులు తెప్పించుకుంటున్నారు. చెంపల (కత్తి రెండు పక్కల) నిండా అలల్లాంటి గీతలు, ఇత్తడి గార్డు, తోలు ఒర. చవకగా వచ్చేవాటిలో చాలా వాటికి ఆ అలలు పైపైన గీసినవే. గరుకు కాగితంతో ఒక మూల రుద్ది, ఫెర్రిక్ క్లోరైడ్ పూసి చూడండి. నిజంగా రెండు రకాల ఉక్కులు పొరలుగా అతికి కొట్టినదైతే గీతలు మళ్లీ తేలతాయి, లేకపోతే అక్కడ బోసిగా ఉండిపోతుంది.

సరే, పొరలు అసలైనవే అనుకుందాం. అయినా అది చీర మీద అద్దకం లాంటిది, దాన్ని బట్టి కత్తి స్టైల్ తేలదు. వెన్ను గీత ఎలా వంగింది, మొన ఎక్కడికి దిగింది, చెంపలు అంచు వైపు ఎలా పలచబడ్డాయి, పిడిలోకి ముల్లు (పిడి లోపలికి దూరే కత్తి తోక) ఎలా వెళ్లింది అన్నవే దాన్ని తేలుస్తాయి. ఈ నాలుగూ కత్తి చేసే పనిని బట్టే వస్తాయి.

డ్రాప్ పాయింట్ అనే వేట కత్తి రకం సంగతే చూడండి. వెన్ను చివరికొచ్చేసరికి మెల్లగా కిందికి వాలి, మొన ఇంచుమించు కత్తి నడిగీత మీదికి వస్తుంది. వేట జంతువును చీల్చేటప్పుడు మొన పేగులకు తగలకుండా ఉండటానికే ఆ వాలు. మొన దగ్గర లోహం మందంగా మిగులుతుంది కాబట్టి విరగదు కూడా. దీన్ని చేత్తో చేసే కత్తుల ప్రపంచంలో నిలబెట్టిన మనిషి అమెరికా తయారీదారు బాబ్ లవ్‌లెస్. ఆయన కత్తుల్లో ముల్లు పిడి చివరికి పోనుపోను పలచబడుతుంది. పిడి బిగించాక దాని అంచు పిడి చుట్టూ సన్నటి గీతలా మాత్రమే కనబడుతుంది, కానీ చేతిలో బరువు సరిగ్గా కూర్చుంటుంది. రెండు వైపులా ఒకే లెక్కన, తిన్నగా అలా పలచన చేయడం ఎంత కష్టమో ఆకురాయి పట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు.

బోవీ అనే పెద్ద కత్తి కథ వేరు. 1827లో అమెరికాలో జేమ్స్ బోవీ కొట్లాటలో వాడిన కత్తి గురించి అతని అన్న రెజిన్ తర్వాత రాశాడు: తొమ్మిదింపావు అంగుళాల పొడవు, ఒకటిన్నర అంగుళం వెడల్పు, ఒకవైపే పదును, వంపు లేదు. ఈరోజు బోవీ అనగానే కళ్ల ముందుకొచ్చే, వెన్ను ముందుభాగం కోసేసినట్టుండే క్లిప్ పాయింట్ ఆ వర్ణనలో లేదు. ఆ తర్వాత చేసినవాళ్లు, కొన్నవాళ్లు, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నుంచి పెట్టెలకొద్దీ పంపినవాళ్లు కలిసి ఆ రూపాన్ని స్థిరపరిచారు. ఒకే పనికి, ఒకే కొలతల్లో, పదిమంది చేతుల్లో మళ్లీ మళ్లీ తయారైనదే స్టైల్ అవుతుంది.

ఆ లెక్కన మన కొండ సంతల్లో కత్తులకు స్టైల్ లేదని ఎవరంటారు?

జీలుగు చెట్టు గెల గీసే కత్తినే తీసుకోండి. గెల కొసను రోజూ పల్చటి పొరలా చెక్కాలి. అంచు మందంగా ఉంటే నార నలుగుతుంది, నలిగిన చోట కల్లు కారడం తగ్గిపోతుంది. అందుకే ఆ కత్తి చెంపలు అంత పలచన. అదే కత్తితో వెదురు నరికితే అంచు పెచ్చులూడుతుంది. వెదురులో సిలికా ఉంటుంది, దానికి వెన్ను మందంగా, చెంపలు ఉబ్బుగా ఉన్న కత్తి కావాలి. కొండ మనుషులు భుజాన వేసుకునే టంగియా గొడ్డలి, డొంగ్రియా కోందు తెగ ఆడవాళ్లు కొప్పులో దోపుకునే చిన్న కత్తి, చేపల కత్తిపీట, వీటిలో దేని పని దానిదే, దేని కొలత దానిదే. వీటన్నిటినీ కలిపి "నాటు కత్తి" అనేసి, లోహర (కమ్మరి) దగ్గర యాభై రూపాయలకు బేరమాడి, ఇంటికొచ్చి వేలు పోసి గీతల కత్తి ఆర్డర్ పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక్కడ ఎక్కువగా లారీ కమాను పట్టీలే కత్తులవుతాయి. వాటిలో కార్బన్ సుమారు 0.6 శాతం, కత్తికి చక్కగా సరిపోతుంది. అయస్కాంతం అంటుకోవడం మానేసే వేడి సుమారు 770 డిగ్రీలు. దాన్ని కొంచెం దాటించి, 50-60 డిగ్రీల వెచ్చటి నూనెలో ముంచాలి. మరీ తెల్లగా కాలిస్తే ఉక్కు రేణువులు పెద్దవై, విరిచి చూస్తే లోపల బెల్లం పలుకుల్లా కనిపిస్తాయి. అలాంటి కత్తి రాయి తగిలితే పుటుక్కున పోతుంది. కత్తి మొత్తాన్ని చన్నీళ్లలో ముంచితే ఈ రకం ఉక్కు పగలొచ్చు. అందుకే మన కొలిముల దగ్గర అంచు మాత్రం నీళ్లలో తాకించి తీస్తారు. వెన్నులో మిగిలిన వేడి అంచుకు పాకి, ఎండుగడ్డి రంగు రాగానే మళ్లీ ముంచేస్తారు. అంచు గట్టిగా, వెన్ను మెత్తగా మిగులుతుంది. 1976లో మొదలైన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ పరీక్షలో కత్తి వేలాడే తాడును ఒక్క వేటుకు తెంపాలి, కట్టెలు నరికాక కూడా వెంట్రుక గొరగాలి, చివరికి తొంభై డిగ్రీలు వంచినా విరగకూడదు. వాళ్లు చూసేదీ గట్టి అంచు, మెత్తటి వెన్నే.

మనవాళ్ల పనిలో లోపం లేదని కాదు. ముల్లును ఎర్రగా కాల్చి కర్రలోకి దిగగొట్టే పద్ధతిలో రెండు తంటాలు. ఆ వేడి వెనక్కి పాకి, కత్తి మొదట్లో పదును మెత్తబడుతుంది. కర్రలో మాడిన పొర ఎండాకాలానికి రాలి పిడి ఊగుతుంది. అదే సైజు పాత ఇనుప కడ్డీని కాల్చి ముందు రంధ్రం చేసి, మసి గీకేసి, కత్తి ముల్లును చల్లగానే లక్కతో బిగించి, పైన పొన్ను వేస్తే రెండూ తప్పుతాయి.

కొనేటప్పుడు ట్యూబులైటు కింద వెన్ను పైకి పెట్టి కంటి ముందు నిలబెట్టండి, వంకర ఉంటే తెలిసిపోతుంది. చెంపల వాలు మొదలయ్యే గీత రెండు వైపులా ఒకేచోట ఉందా చూడండి. పిడి దగ్గర గోరు పట్టే సందు ఉంటే అక్కడే నీరు చేరి తుప్పు పడుతుంది. అంచు మీద నీలం రంగు మచ్చ ఉంటే సాన పట్టేటప్పుడు కాలిపోయిందన్నమాట, అది వదిలేయండి.

నచ్చిన కత్తిని కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీయండి. వెన్ను మందం మూడు చోట్ల కొలవండి, ఏ పనికి చేశారో, ఏ కర్ర వేశారో అడిగి పక్కన రాయండి. వీలైతే పిడి బిగించకముందే వెళ్లండి, ముల్లు పొడవు తర్వాత కొలవలేరు.