ఆ ఒక్క రాత్రి ప్రయాణం

స్కాట్లాండ్ రాజుల గురించి వ్యాసం బాగుంది. కానీ మూడో అలెగ్జాండర్ ‘గుర్రం మీంచి పడి చనిపోయాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అసలు కథంతా అక్కడే ఉంది కదండీ!

1281-84 మధ్య ఆయన పిల్లలు ముగ్గురూ పోయారు. వారసుడి కోసం 44 ఏళ్ల వయసులో యోలాండ్‌ని రెండో పెళ్లి చేసుకున్నాడు. ఆర్నెల్లయినా కాలేదు. 1286 మార్చి 19న, ఎడిన్‌బరోలో భోజనం ముగించి, గాలివానలో ఫోర్త్ అనే సముద్రపు పాయ దాటి భార్య దగ్గరికి బయల్దేరాడు. వద్దన్నా వినలేదు. చీకట్లో తోడున్నవాళ్ల నుంచి విడిపోయాడు. తెల్లారాక కింగ్‌హార్న్ దగ్గర ఒడ్డున మెడ విరిగి దొరికాడు.

మిగిలింది నార్వేలో ఉన్న పసి మనవరాలు. మొదటి భార్య, కూతురు, మనవరాలు ముగ్గురూ మార్గరెట్‌లే, వంశవృక్షం గీసుకుంటే గానీ నాకు తేలలేదు! 1290లో ఆ పాప స్కాట్లాండ్‌కి వస్తూ ఆర్క్నీ దీవుల్లో చనిపోయింది. గద్దె కోసం 13 మంది పోటీ. తీర్పరి ఎవరయ్యా అంటే ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్, అలెగ్జాండర్ మొదటి భార్యకి స్వయానా అన్న. 1292లో జాన్ బేలియల్‌ని గద్దెనెక్కించి, నాలుగేళ్లకే తనే దింపేశాడు.