ఆ మెసేజ్ నమ్మి ఊరెళ్లకండి

పండక్కి ఊళ్లు వెళ్లే రోజులు రాగానే మన గుంటూరు, బెజవాడ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. ఈసారి ముందు మా బాబాయి పంపారు. సాయంత్రానికి అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ వచ్చింది. పైన "పోలీసు శాఖ హెచ్చరిక" అని ఉంటుంది, కింద ఏ స్టేషన్ పేరూ, తేదీ ఉండవు. అందులో చెప్పేవి ఇవి: దొంగలు ముందుగా గేటు పక్కన సుద్దముక్కతో గుర్తు పెడతారు. తలుపుకి పెద్ద తాళం వేస్తే చాలు. లైట్లన్నీ వేసి వెళ్లాలి. బ్యాంకు లాకర్‌లో నగలు పోతే పైసా రాదు కాబట్టి ఇంట్లోనే బియ్యం డబ్బాలో దాచుకోవాలి. ఊరెళ్తున్నట్టు పోలీసులకు చెప్పొద్దు. వీధిలో కొత్త మనుషులు కనిపిస్తే కట్టేసి నాలుగు తగిలించాలి.

అందరూ మన మంచి కోరే పంపుతున్నారు, కాదనను. కానీ ఇంట్లో దొంగలు పడ్డవాడిగా చెబుతున్నాను. ఈ మాటలు నమ్ముకుంటే ఇల్లు భద్రంగా ఉండదు. చివరి మాట అయితే ప్రాణాలే తీస్తుంది.

గుర్తుల సంగతి ముందు. పల్స్ పోలియో బృందాలు ఇంటింటికీ వచ్చినప్పుడు సుద్దముక్కతో "పీ" అనో "ఎక్స్" అనో రాసి వెళ్తాయి. సర్వేకి వచ్చేవాళ్లూ, కేబుల్ వాళ్లూ ఏవో నంబర్లు వేస్తుంటారు. అవి చూసి టెన్షన్ పడక్కర్లేదు. దొంగకి కావాల్సిన గుర్తు మనమే పెడుతున్నాం. ధనుర్మాసంలో వీధంతా ముగ్గులతో నిండి ఉంటే మన వాకిలి ఒక్కటే మూడు రోజులుగా బోసిగా ఉంటుంది. గేటు లోపల పేపర్లు పడి ఉంటాయి. పాల ప్యాకెట్ల సంచి కొక్కేనికి అలాగే వేలాడుతుంటుంది. ఇంట్లో ఎవరూ లేరని తెలియడానికి ఇంకేం కావాలి? పేపరూ పాలూ ఆపించండి. పక్కింటి వాళ్లని అడిగితే నీళ్లు చల్లి, చిన్న ముగ్గు వేసిపెడతారు. మా పక్కింటి పిన్నిగారు మాకు ఇప్పుడు అదే చేస్తున్నారు.

ఇక తాళం. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మేం దెబ్బతిన్నది ఇక్కడే. గుంటూరు బ్రాడీపేటలో అద్దెకుండే రోజుల్లో సంక్రాంతికి ఊరెళ్తూ అరచేయంత తాళం వేశాను. కనుమ మర్నాడు తిరిగొచ్చి చూస్తే తాళం చెక్కుచెదరలేదు. ఊడొచ్చిన గొళ్లెంతో కలిసి అలాగే వేలాడుతోంది. గడప మీద నాలుగు స్క్రూలు పడి ఉన్నాయి. చేతిలోకి తీసుకున్నాను. ఒక్కోటి ముప్పావు అంగుళం ఉంటుందేమో, మరలకి ఇంకా చెక్క పొట్టు అంటుకునే ఉంది. పలుగు దూర్చి ఒక్కసారి మెలిపెడితే ఆ స్క్రూలు ఎంతసేపు ఆగుతాయి? తాళం ఎంత గట్టిదైనా దాన్ని పట్టుకుని ఉన్నది ఆ ముప్పావు అంగుళమే.

కాబట్టి తాళం కొనే ముందు గొళ్లెం చూసుకోండి. స్క్రూలకి బదులు చెక్క అవతలి దాకా వెళ్లే బోల్టులు వేయించి, లోపలి వైపు వాషర్ పెట్టి నట్టు బిగించమని వడ్రంగికి చెప్పండి. ద్వారబంధం చెదలు పట్టి ఉంటే ముందు దాని సంగతి చూడాలి. వీలైతే తలుపులోనే ఇమిడిపోయే లాక్ పెట్టించుకోండి. బయట తాళం వేలాడకపోతే ఇంట్లో మనుషులున్నారో లేరో వీధిలోంచి తెలియదు. పెరటి తలుపు, బాత్రూమ్ వెంటిలేటర్, పైన మెట్ల తలుపు కూడా ఇంత శ్రద్ధగానే చూడాలి. అన్నట్టు, రోహిణి కార్తెలో కరెంటు పోయి ఇంటిల్లిపాదీ డాబా ఎక్కి పడుకునే రాత్రి కింద ఇల్లు ఖాళీగా ఉన్నట్టే. మెసేజ్‌లో ఆ ఊసే లేదు.

లైట్ల మాటలో సగం నిజముంది. కానీ మిట్ట మధ్యాహ్నం కూడా వెలుగుతున్న వరండా లైటు ఇల్లు ఖాళీ అని చాటుతుంది. సాయంత్రం వేసి పొద్దున ఆర్పే మనిషి గానీ, టైమర్ గానీ ఉండాలి.

బంగారం విషయంలో మెసేజ్ చెప్పింది పాత సంగతి. లాకర్లపై రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ఇచ్చిన నిబంధనలు 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. దొంగతనం, దోపిడీ, అగ్నిప్రమాదం, భవనం కూలడం, సిబ్బంది మోసం, వీటిలో దేనివల్ల పోయినా బ్యాంకు బాధ్యత లాకర్ ఏడాది అద్దెకు 100 రెట్లు. అద్దె 3,000 అయితే 3 లక్షలు. మీ నగల విలువ అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు, నిజమే. వరద లాంటి ప్రకృతి విపత్తుల్లో, బ్యాంకు నిర్లక్ష్యం లేకపోతే దానికి బాధ్యత ఉండదు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు సింగ్‌నగర్‌ని ముంచడం చూశాక ఇది చిన్న విషయం అనలేం. అయినా బియ్యం డబ్బా కన్నా లాకరే నయం. మా ఇంట్లో దొంగలు ముందు బోర్లించింది బియ్యం డబ్బానే. వంటిల్లంతా బియ్యం.

పోలీసులకు చెప్పొద్దనడం నాకు అస్సలు అర్థం కాదు. తాళం వేసిన ఇళ్ల కోసం ఏపీ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) అనే ఉచిత ఏర్పాటు తెచ్చారు. మనం కోరితే ఇంట్లో కెమెరా పెడతారు, లోపల కదలిక ఉంటే కంట్రోల్ రూముకి తెలుస్తుంది. మీ స్టేషన్‌లో అది ఉందేమో వెళ్లి అడగండి. చెప్పకూడనిది ఫేస్‌బుక్‌కి. ప్రయాణం ఫొటోలు తిరిగొచ్చాక పెట్టుకోవచ్చు. ఒకవేళ వచ్చేసరికి తలుపు తెరిచి ఉంటే లోపలికి వెళ్లకండి, 112కి ఫోన్ చేయండి. నేను ఏడుస్తూ బీరువా అంతా తడిమాను. క్లూస్ టీమ్ వచ్చేసరికి దాని నిండా నా వేలిముద్రలే.

ఇక చివరి మాట. 2018 మేలో ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లు నమ్మి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జనం అమాయకుల మీద పడ్డారు, ప్రాణాలు పోయాయి. 2021 డిసెంబరులో విజయవాడ, తాడేపల్లి వైపు చెడ్డీ గ్యాంగ్ అనే దొంగల ముఠా నిజంగానే వచ్చింది. ఆ ముఠాలో కొందరు దొరికింది పోలీసులు గుజరాత్ దాకా వెళ్లి వెతికితే. వీధిలో ఎవరినో కట్టేసి కొట్టినందుకు కాదు.

ఈ మెసేజ్ వచ్చిన రెండో రోజు మా వీధిలో దుప్పట్లు అమ్ముకునే కుర్రాడిని పదిమంది చుట్టుముట్టారు. ఆధార్ చూపించాడు. చాలదన్నారు. మూట విప్పించి దుప్పట్లన్నీ రోడ్డు మీద పరిపించారు. నేనూ పిన్నిగారూ అడ్డం వెళ్లాక వదిలేశారు. అతను తల ఎత్తకుండా ఒక్కో దుప్పటీ దుమ్ము దులిపి మడతపెట్టుకున్నాడు. సాయం చేద్దామని వంగితే "వద్దు సార్" అన్నాడు. మళ్లీ మా వైపు రాలేదు.

ఆ రాత్రే బాబాయికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. మెసేజ్ తీసేసి, తప్పని గ్రూపులో రాశారు. "మరి మీ గొళ్లెం సంగతేంటి బాబాయ్?" అని అడిగాను. టార్చి తీసుకుని చూసొచ్చి, "స్క్రూలేరా" అన్నారు. మర్నాడు వడ్రంగిని పిలిపించారు.