మా వీధి తవ్వకాల్లో బయటపడిన ప్రాచీన నాగరికతలు

పురావస్తు శాఖవారి దృష్టికి తేవలసిన విషయం ఒకటుంది. రామతీర్థం దగ్గర గురుభక్తుల కొండ మీద బౌద్ధుల ఆనవాళ్ళున్నాయని, శాలిహుండంలో వంశధార ఒడ్డున స్తూపాలు బయటపడ్డాయని మనం పిల్లల్ని బస్సెక్కించి మరీ చూపించుకొస్తాం. విజయనగరంలో, అయ్యకోనేరుకి కూతవేటు దూరంలో, మా వీధిలోనే వాటికి తీసిపోని తవ్వకం ఒకటి నడుస్తోంది. టిక్కెట్టు లేదు. గోతి మీద చెక్క వేశారు. దాని మీద నడిచి పడిపోకుండా అవతలికి చేరగలిగినవాళ్ళు ఉచితంగా చూడొచ్చు.

పైకి చెబుతున్న కారణం పాత మంచినీటి పైపులైను స్థానంలో కొత్తది వేయడం. కారణం చిన్నది, బయటపడుతున్న చరిత్ర పెద్దది.

అన్నిటికన్నా పైన ఉన్నది సిమెంటు రోడ్డు యుగం. వీధి మొదట్లో శిలాఫలకం ఇంకా రంగు కూడా పోకుండా ఉంది గనక కాలనిర్ణయానికి ఇబ్బంది లేదు. దాని కింద తారు. తారు కింద కంకర. కంకర కింద మళ్ళీ తారు. అంటే మన పూర్వులు పాత రోడ్డుని పెకలించే పాపానికి ఒడిగట్టకుండా, దాని నెత్తినే కొత్తది పరిచేవారని రుజువవుతోంది. మా వీధిలో పాత ఇళ్ళకి ఒకప్పుడు మెట్లెక్కి వెళ్ళేవారట. ఇప్పుడు దిగి వెళ్తున్నాం. ఇల్లు కుంగిపోతోందని వాస్తు పంతులుగారికి దక్షిణ సమర్పించుకున్నవాళ్ళు ఈ గోతిలోకి ఒక్కసారి తొంగిచూస్తే ఆ డబ్బు మిగిలేది. రోడ్డు వేశాక పైపులకి తవ్వుతారన్న జోకు నేనిక్కడ వేయను. దాన్ని జోకుల్లోంచి తీసేసి పనుల షెడ్యూల్లో కలిపి చాలాకాలమైంది.

రోడ్ల పొరలు దాటాక అసలు సరుకు మొదలైంది. ముందు ఒక పీవీసీ గొట్టం తేలింది, ఎవరు వేశారో, ఎక్కడికి పోతుందో తెలియదు. దాని పక్కన బూడిదరంగు ఆస్బెస్టాస్ సిమెంటు పైపు. చవగ్గా వస్తుందని, తుప్పు పట్టదని ఒకప్పుడు దేశమంతా పట్టణాల్లో వేసిన రకం. తుప్పు పట్టదన్నది నిజమే, పగులుతుంది. నేల కాస్త కుంగినా, మీద ఇసుక లారీ వెళ్ళినా పెళుసుగా చీలుతుంది. ఇంకో అరడుగు కింద పోత ఇనుప పైపు, లోపల తుప్పు గడ్డలు కట్టి, బొటనవేలు దూరేంత దారి మిగుల్చుకుని పడి ఉంది.

మూడు నాగరికతలు, ఒకే గొయ్యి. వీటిలో ఏది బతికుంది, ఏది చచ్చిపోయింది? జేసీబీ డ్రైవరుకి తెలియదు. సూపర్‌వైజరుకి తెలియదు. అతని చేతిలో ఉన్న కాగితం మీద మా వీధి ఒక గీత, ఆ గీత కింద ఏమీ లేదు. పురావస్తు శాఖవాళ్ళు కుంచెతో దుమ్ము దులుపుతూ, అంగుళం అంగుళం కొలుస్తూ తవ్వుతారు. పాతకాలపు పద్ధతి. మా దగ్గర జేసీబీ పన్ను తగిలి నీళ్ళు పైకి చిమ్మితే అది బతికున్న పైపు. చిమ్మకపోతే పరిశోధన కొనసాగించాలి.

అలా ఆస్బెస్టాస్ పైపు బతికున్నదేనని శాస్త్రీయంగా తేలిన ఉదయం వీధంతా కొళాయి ఆగిపోయింది. అప్పటిదాకా రోజూ వచ్చేదే గంటో గంటన్నరో. కొత్త లైను పక్కనే పడుకుని ఉంది గానీ దాన్ని ఇంకా ఒత్తిడి పెట్టి పరీక్షించలేదు, బ్లీచింగు నీళ్ళతో కడగలేదు, ఇళ్ళకి కలపలేదు. పాతది పోయింది, కొత్తది రాలేదు. ఇలాంటి సంధియుగాల గురించి చరిత్ర పుస్తకాల్లో ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఆ వాక్యం లోపల ఎన్ని బిందెలుంటాయో రాసేవాళ్ళకి తెలియదు.

బిందెల లెక్క మేం కట్టాం. పట్టణాల్లో మనిషికి రోజుకి ఎన్ని నీళ్ళివ్వాలో 1999 నాటి కేంద్ర మాన్యువల్లో చెప్పారు. భూగర్భ డ్రైనేజీ ఉన్న ఊళ్ళకి 135 లీటర్లు, లేని ఊళ్ళకి 70. మా వీధికి ఆ డ్రైనేజీ లేదు, కాబట్టి ఆ లెక్కన 70. నలుగురున్న ఇంటికి 15 లీటర్ల బిందెలు పద్దెనిమిది పైచిలుకు రావాలి. ట్యాంకరు దగ్గర ఇంటికి ఆరు చొప్పున దక్కాయి. మిగతావి కావాలంటే 20 లీటర్ల టిన్నులు కొనుక్కోవాలి. డ్రైనేజీ వేయించుకుంటే కోటా పెరుగుతుంది కదా అని ఎదురింటి మేస్టారు సలహా ఇచ్చారు. ఆ లెక్కన నిజమే, కాకపోతే దానికి మళ్ళీ తవ్వాలి.

ఆ ట్యాంకరైనా వీధిలోకి రాదు, మొగలో ఆగి హారను కొడుతుంది. గ్యాసబ్బాయి బండ సందు చివరే దింపేసి, "ఇక్కడి దాకానేనండీ" అంటాడు. ఆటో రాదు. డయాలసిస్‌కి వెళ్ళాల్సిన పెద్దాయన్ని ఇద్దరు కుర్రాళ్ళు కుర్చీతో సహా ఎత్తి చెక్క దాటించారు. దీనిమీద వెటకారం ఆడడానికి నాకు నోరు రావడంలేదు, ముందుకెళ్తాను.

ఎన్నో ఏళ్ళుగా బండలు మూసి తులసికోట పెట్టిన నూతుల్ని మళ్ళీ తెరిచారు. పక్కింటి పిన్నిగారు చేద వేసి లాగితే వచ్చిన నీళ్ళకి రంగూ వాసనా రెండూ ఉన్నాయి. నూతికి పదడుగుల్లో సెప్టిక్ ట్యాంకు ఉందన్న సంగతి ఆవిడకి తెలుసు. ఇంతకాలం ఆ రెంటికీ పరిచయం కాలేదనుకున్నారంతే.

ఈ గందరగోళంలో మమ్మల్ని ఆదుకున్నది రిటైరైన ఫిట్టరు ఒకాయన. ఊళ్ళో మంచినీళ్ళ మ్యాపు ఒకే ఒక్క ప్రతి ఉందని, అది ఆయన తలకాయని అప్పుడు తెలిసింది. సూపర్‌వైజరే మోటారుసైకిలు పంపి పిలిపించాడు. ఆయన వచ్చి, గట్టున కూచుని, టీ తాగి, చేత్తో చూపించారు. "ఆ కరెంటు స్తంబం కాడ్నించి నాలుగడుగులు ఇటేపు తవ్వండి బాబూ. వాలు అక్కడుంటాది. దాని మీద రోడ్డేసేసినారు, నాను వొద్దని సెప్పినాను, ఇన్నారేటి?" తవ్వారు. వాల్వు అక్కడే ఉంది. దాన్ని కట్టేశాక గానీ చిమ్మే నీళ్ళు ఆగలేదు.

అలా ఆపడంలో ఒక సౌకర్యముంది. సరఫరా ఆగితే పైపు ఖాళీ అవుతుంది. ఖాళీ పైపులో ఒత్తిడి పడిపోతే పగుళ్ళలోంచి బయటి నీరు లోపలికి వస్తుంది. మా పైపు మురుగు కాలువని రెండుచోట్ల దాటుతుంది. దీనికి తోడు కొళాయికి మోటార్లు బిగించుకున్న గృహస్థులు ఖాళీ పైపుని కూడా ఒదలకుండా పీలుస్తారు. మోటారు పెట్టినవాళ్ళింటికి కాలువ నీళ్ళు ముందు వస్తాయి, పెట్టనివాళ్ళకి ఆలస్యంగా వస్తాయి. సమాజంలో ఇంత కచ్చితమైన న్యాయం ఇంకెక్కడా చూడలేదు.

ఇవన్నీ చూసి మేం నీళ్ళకి ముఖం వాచినవాళ్ళమని బయటివాళ్ళు అనుకుంటే పొరపాటు. 1867లో మన మహారాజా విజయరామ గజపతి లండన్ హైడ్ పార్కులో, మార్బుల్ ఆర్చ్ దగ్గర, జనం తాగడానికి నీళ్ళ ఫౌంటెను కట్టించారు. లండన్ వాళ్ళ దాహం తీర్చిన ఊరు మాది. 1964లో వాళ్ళు దాన్ని తీసేశారు. తీసేసి ఊరుకోలేదు, ఫలానా చోట ఫలానా ఫౌంటెను ఉండేదని ఒక చిన్న రాయి నిలబెట్టారు. లేని ఫౌంటెనుకి అక్కడ గుర్తు ఉంది, ఉన్న పైపుకి ఇక్కడ లేదు.

పనులు బేగి అయ్యే మార్గం ఒకటుందని కొందరి అభిప్రాయం. పైడితల్లి జాతరలో పూజారిని చివర కూచోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, సిరిమాను, మూడు లాంతర్ల సెంటరు దగ్గర అమ్మవారి గుడి నుంచి కోటకి మూడుసార్లు తిరుగుతుంది. ఆ దారిలో గొయ్యి ఉంచే ధైర్యం ఏ కాంట్రాక్టరుకీ లేదు. ఒక్క ఏడాది సిరిమానుని మా వీధి మీదుగా తిప్పించు తల్లీ అని ఇద్దరు ముగ్గురు మొక్కుకున్నారు. అమ్మవారు ఇంకా నిర్ణయం తీసుకోలేదు.

ఏమైతేనేం, కొత్త పైపు పడింది. నీలం చారలున్న నల్లటి హెచ్‌డీపీఈ గొట్టం, అంటే గట్టి రకం ప్లాస్టిక్కు, ముక్కలకి వేడి పెట్టి అతికించారు. మంచి సరుకే, పనివాళ్ళు ఒళ్ళు దాచుకోకుండా చేశారు. ఇంకో రెండు రోజుల్లో మట్టి కప్పేస్తారనగా నేను ఫిట్టరుగారిని అడిగాను, ఈ లైను ఎక్కడెక్కడ మలుపు తిరిగిందో గుర్తు పెట్టుకుంటారా అని.

"నాకేటి పని బాబూ? నాను రిటైరైపోనాను," అన్నారాయన.

అందుకని వీధివాళ్ళమంతా కూచుని ఒక తీర్మానం చేశాం. కొత్త పైపు ఎంత లోతులో, గోడకి ఎన్ని అడుగుల దూరంలో ఉందో, వాల్వులు ఎక్కడున్నాయో ప్రహరీల మీద పెయింటుతో రాయించాలి. ఖర్చు ఇంటికి యాభై రూపాయలు. అందరూ చప్పట్లు కొట్టారు. పెయింటరు డబ్బా పట్టుకుని వచ్చాక మొదటి ఇంటాయన గేటు దగ్గరే ఆపేశాడు. దసరాకని గోడకి కొత్తగా రంగు వేయించుకున్నాడట, పక్కింటి గోడ మీద రాసుకోమన్నాడు. పక్కింటాయన తన పక్కింటి గోడ చూపించాడు. పెయింటరు వీధి చివరి దాకా నడిచి, ఆఖరికి కరెంటు స్తంభం మీద రాస్తానన్నాడు. ఆ స్తంభం పక్కకి జరపడానికి వచ్చే నెల తవ్వుతారట.